ముందు ఏ ఊరని అడగాలి

ఆగస్టు 15 అంటే మా ఇంట్లో జెండా పండుగ ఒక్కటే కాదు. మా అమ్మ పుట్టిల్లు కాజీపేట ఫాతిమానగర్. కేథలిక్కులు. ఆ రోజు వాళ్లకు మరియమాత మోక్షారోపణ పండుగ, అంటే దేవుడు ఆమెను శరీరంతో సహా పరలోకానికి తీసుకున్న పండుగ. పూజలో మొదటి పఠనం బైబిలు చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం నుంచి ఉంటుంది. సూర్యుణ్ణి ధరించుకున్న ఒక స్త్రీ, కాళ్ల కింద చంద్రుడు, తల మీద పన్నెండు నక్షత్రాల కిరీటం. నిండు గర్భిణి, నొప్పులతో కేకలు వేస్తోంది. ఎదురుగా ఏడు తలల ఎర్రటి ఘటసర్పం, పుట్టగానే బిడ్డను మింగుదామని కాచుక్కూచుంది.

బాపు వాళ్లు హనుమకొండ బాప్టిస్టులు. మా చిన్న మేనత్త ఆ రోజు ఇంటికొచ్చిందంటే అన్నాలయ్యాక మొదలయ్యేది.

"గామె మరియమ్మ కాదు వదినా, ఇశ్రాయేలు."

"ఇశ్రాయేలుకు కాన్పు నొప్పులొస్తయా పిల్లా? నొప్పులు ఆడిదానికొస్తయి గని దేశానికొస్తయా?"

బాపు నవ్వుకుంటూ బయటికి వెళ్లిపోయేవాడు. అప్పట్లో అమ్మదే గెలుపని నాకనిపించేది. తర్వాత చదువుకున్నాక తెలిసింది, బైబిల్లో దేశానికి నొప్పులొస్తాయని. నొప్పులు రాకముందే సీయోను, అంటే యెరూషలేము, మగబిడ్డను కన్నదని యెషయా 66లో ఉంది. ప్రసవించే ఆడదానిలా వేదన పడమని మీకా 4 సీయోనునే అడుగుతుంది. అయితే అత్త గెలిచిందా అంటే అదీ కాదు. ఇద్దరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఆమె ఎవరు? ప్రవచనాల్లో కనబడే ఆడవాళ్ల దగ్గర ఆ ప్రశ్న రెండోది. మొదట అడగాల్సింది, ఆమె ఏ ఊరు, ఏ జనం అని.

మనకిది కొత్తేమీ కాదు. తెలంగాణ తల్లి లేదూ? 2024 డిసెంబర్ 9న సచివాలయంలో కొత్త విగ్రహం పెట్టినప్పుడు చేతిలో బతుకమ్మ ఏదని, కిరీటం ఎందుకు తీసేశారని ఎంత వాదన జరిగింది! ఆమెది ఏ మండలం, ఎవరి బిడ్డ అని మాత్రం ఒక్కరూ అడగలేదు. చీర రంగు, చేతిలోని కంకులు, తల మీద కిరీటం ఉండటం లేకపోవటం అన్నీ ఈ నేల గురించిన మాటలేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే తెలివి బైబిలు తెరవగానే ఎటు పోతుందో ఏమో.

హీబ్రూలో ఊరు అనే మాట, నేల అనే మాట రెండూ స్త్రీలింగం. అందుకని ప్రవక్తలకు పట్టణం ఆడమనిషిగా కనబడటం భాషలోనే ఉంది. శత్రువు చేతిలో పడని పట్టణం కన్య. కాలిపోయి జనం చెదిరిన పట్టణం విధవ. విలాపవాక్యాలు మొదలయ్యేదే అలా: నిండుగా ఉన్న పట్టణం ఒంటరిగా కూచుంది, విధవలా అయింది. చెరపట్టి తీసుకుపోయిన జనం తిరిగొస్తే, గొడ్రాలికి పిల్లలు పుట్టినట్టు. మట్టల ఆదివారం నాడు మనం చదివే జెకర్యా 9లోని "సీయోను కుమారి" కూడా సీయోనుకు పుట్టిన అమ్మాయి కాదు. ఆ ఊరే ఆ కుమారి. అందులో ముద్దు ఉంది, జాలి ఉంది. మనం పల్లెను తల్లి అంటే వాళ్లు పట్నాన్ని బిడ్డ అన్నారు, అంతే.

ఇంకో సంగతి. ఈ బొమ్మల్లో చాలావాటికి అర్థం పక్క వచనంలోనే రాసి ఉంటుంది. యెహెజ్కేలు 23లో ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ మొదలుపెట్టి, నాలుగో వచనంలోనే పెద్దది ఒహొలా అంటే ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను, చిన్నది ఒహొలీబా అంటే యెరూషలేము అని చెప్పేస్తాడు. పౌలు గలతీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో అబ్రాహాము దాసి హాగరును సీనాయి కొండకు, తన కాలపు యెరూషలేముకు ముడిపెట్టి, పైనున్న యెరూషలేము మన తల్లి అంటాడు. అలంకారంగా చెబుతున్నానని తానే అంటాడు కూడా.

జెకర్యా ఐదో అధ్యాయం దర్శనం ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి తోలిన రైతుకు పండితుడికంటే బాగా అర్థమవుతుందని నా నమ్మకం. అక్కడో తూము ఉంటుంది, గింజలు కొలిచే తూము. సీసపు మూత లేపితే లోపల ఒక ఆడమనిషి కూచుని ఉంటుంది. దూత "ఇదే దుష్టత్వం" అని చెప్పి, ఆమెను లోపలికి తోసి మూత పెట్టేస్తాడు. అప్పుడు కొంగ రెక్కలున్న ఇద్దరు స్త్రీలు వచ్చి ఆ తూమును షీనారు దేశానికి, అంటే బబులోను వైపుకు, మోసుకుపోతారు. దుష్టత్వం అనే హీబ్రూ మాట స్త్రీలింగం కాబట్టి ఆమె ఆడరూపంలో ఉంది. మోసుకుపోయే వాళ్లూ ఆడవాళ్లే, వాళ్ల సంగతి ఎవరూ ప్రసంగించరు. కానీ ఆమెను కూచోబెట్టిన చోటు చూడండి: కుండలో కాదు, బుట్టలో కాదు, కొలతలో. తూము చిన్నదిగా, తులం పెద్దదిగా చేసి బీదల్ని ముంచే వాళ్లను ఆమోసు అప్పటికే తిట్టి ఉన్నాడు. కాంటా దగ్గర తరుగు పేరుతో ఎన్ని కిలోలు పోతాయో తెలిసినవాడికి ఇక వ్యాఖ్యానం ఎందుకు?

వ్యభిచారిణి బొమ్మ దగ్గరికొస్తే మాత్రం ఇంత తేలిక కాదు. దీన్ని లోతుగా వాడిన తొలి ప్రవక్త హోషేయ, క్రీస్తు పూర్వం ఎనిమిదో శతాబ్దంలో, ఉత్తర రాజ్యంలో. దేవుడికీ జనానికీ మధ్య ఉన్నది నిబంధన. మనుషుల్లో నిబంధనకు దగ్గరి పోలిక పెళ్లి. అందువల్ల బయలు అనే పరదేవతల వెంట పోవడం, ఐగుప్తుతో అష్షూరుతో చాటుమాటు ఒప్పందాలు చేసుకోవడం, రెండూ మొగుణ్ణి విడిచిపోవడంగా కనబడ్డాయి. యెహెజ్కేలు 16 దీన్ని ఇంకా దూరం తీసుకుపోతుంది. పొలంలో పారేసిన పసికందు లాంటి యెరూషలేమును దేవుడు ఎత్తుకుని, కడిగి, పెంచి, నగలు పెట్టి రాణిని చేస్తే, ఆమె ఆ నగలే కరిగించి విగ్రహాలు చేయించుకుంది. ఆ తర్వాత వచ్చే శిక్ష చదవడం కష్టం. అందరి ముందూ బట్టలూడదీయడం, రాళ్లు రువ్వడం. భార్యను కొట్టే మొగుడికి ఈ అధ్యాయం ఆసరా అవుతుందని 1980ల నుంచి స్త్రీవాద బైబిలు పండితులు గట్టిగానే చెబుతున్నారు. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు.

నేను చూసేది ఇంకో పక్క నుంచి. యెహెజ్కేలు ఎదుట కూచుని విన్నదెవరు? బబులోను చెరలో ఉన్న ఇశ్రాయేలు పెద్దలు. ఆ సంగతి ఆ గ్రంథంలోనే పదేపదే ఉంది. ఒప్పందాలు చేసింది రాజులు, వాటికి వంతపాడింది అధికారులు. గడ్డాలు నిమురుకుంటూ కూచున్న ఆ మగపెద్దల్ని పట్టుకుని "ఆ ఆడది మీరే" అంటున్నాడు ప్రవక్త. ఎంత అవమానమో ఊహించండి. ఇవాళ అదే అధ్యాయం చదివే బోధకుడి చూపు మాత్రం మందిరంలో ఆడవాళ్లు కూచున్న పక్కకు తిరుగుతుంది. బాణం గురి మారిపోయింది.

ఇక ప్రకటన 12. మా అమ్మా మేనత్తా తెగ్గొట్టుకోలేకపోయిన అధ్యాయం.

ఇక్కడ ఈ గ్రంథం రాసిన యోహాను ఒక విచిత్రం చేశాడు. ఘటసర్పం ఎవరో తొమ్మిదో వచనంలో తేల్చేశాడు: ఆది సర్పం, అపవాది, సాతాను. స్త్రీ ఎవరో మాత్రం చెప్పలేదు. "గొప్ప సూచన" అని మొదలుపెట్టి వదిలేశాడు. కొట్లాటంతా ఆ ఖాళీలోనే.

కానీ పూర్తి ఖాళీ కాదు, ఆనవాళ్లు చల్లి పోయాడు. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు అనగానే ఆదికాండం 37లో యోసేపు కల గుర్తుకు రావాలి. ఆ కలను యాకోబు తన కుటుంబంగానే అర్థం చేసుకున్నాడు. పన్నెండు అంటే గోత్రాలు. గద్ద రెక్కల మీద మోసి ఎడారికి తేవడం అంటే నిర్గమకాండం 19. పాముకూ స్త్రీ సంతానానికీ వైరం అంటే ఆదికాండం 3. ఇనుపదండంతో ఏలే బిడ్డ రెండో కీర్తన నుంచి వచ్చాడు. ఇవన్నీ కలిపితే ఇశ్రాయేలు అంటున్న అత్త మాటకే బలం. కానీ అధ్యాయం చివరికి పోతే, ఆమె మిగతా సంతానం యేసు సాక్ష్యాన్ని పట్టుకున్న వాళ్లని ఉంది. అంటే సంఘం. పోనీ సంఘమే ఆమె అందామా? క్రీస్తును సంఘం కనలేదు, క్రీస్తు వల్లే సంఘం పుట్టింది. మరియ అందామా? బిడ్డను కన్నది ఆమే, అది నిజం. కానీ బాధలేకుండా కన్నదని నమ్మే సంప్రదాయానికి ఈ ప్రసవ వేదన అడ్డొస్తుంది. ఏ తాళంచెవీ పూర్తిగా తిరగదు.

ప్రకటన గ్రంథం మీద మనకు దొరికే అతి పాత లాటిన్ వ్యాఖ్యానం పెట్టౌ అనే ఊరి బిషప్ విక్టోరినుసుది, మూడో శతాబ్దం నాటిది. పితరులు, ప్రవక్తలు, అపొస్తలులు అందరూ కలిసిన ప్రాచీన సంఘమే ఆమె అన్నాడాయన. రక్షకుడి కోసం ఎదురుచూపే ఆ నొప్పులు. నాకు అన్నిటికంటే ఇదే సరిగా కుదిరినట్టు ఉంటుంది. పాత నిబంధన జనం ఒక తల్లి, కొత్త నిబంధన జనం ఇంకో తల్లి కాదు. ఒకే తల్లి, ముందు బిడ్డను కన్నది, తర్వాత మిగతా పిల్లల్ని సాకింది. మరియ అనే వ్యాఖ్యానం స్పష్టంగా కనబడేది తర్వాతి శతాబ్దాల్లో. ఐదో శతాబ్దంలో క్వోద్‌వుల్ట్‌దేయుస్, ఆరో శతాబ్దంలో ఎక్యుమేనియుస్ అనే క్రైస్తవ రచయితలు అలా చదివారు. మోక్షారోపణను 1950లో పన్నెండో పయస్ పోపు విశ్వాస సత్యంగా ప్రకటించాడు.

మరియను పక్కన పెట్టేయడం అంత సులువని బాప్టిస్టు పక్కవాళ్లూ అనుకోనక్కర్లేదు. యోహాను సువార్తలో కానా పెళ్లిలో, మళ్లీ సిలువ దగ్గర, యేసు తల్లిని పిలిచిన మాట గ్రీకులో "స్త్రీ" అనేదే. ప్రకటన 12లో ఉన్నది కూడా అదే మాట. తెలుగు అనువాదకులు రెండుచోట్లా "అమ్మా" అని పెట్టారు. తప్పేమీ కాదు, కన్నతల్లిని కొడుకు "ఓ స్త్రీ" అంటే మన చెవికి ఎలాగుంటుంది? కానీ గ్రీకు పాఠకుడికి వినబడే ఆ చిన్న గంట మనకు వినబడకుండా పోయింది. ఆ జనమంతటికీ ఒక ముఖం కావాలంటే, ఆ ముఖం మరియది అనుకోవడంలో అన్యాయమేమీ లేదు.

అంత్యకాలం లెక్కలు గీసే గోడ చార్టుల సంగతి వేరు. 1,260 దినాలు ఆమె ఎడారిలో ఉంటుందని ఉంది కదా. అది మూడున్నరేళ్లు, దానియేలు ఏడో అధ్యాయం నుంచి వచ్చిన లెక్క. దినానికి ఏడాది చొప్పున లెక్కేసే అడ్వెంటిస్టులు దాన్ని 538 నుంచి 1798 వరకూ అంటారు, ఫ్రెంచి సైన్యం పోపును పట్టుకుపోయిన సంవత్సరం వరకు. పందొమ్మిదో శతాబ్దపు బోధకుడు డార్బీతో మొదలై 1909 నాటి స్కోఫీల్డు వ్యాఖ్యానాల బైబిలుతో ప్రపంచమంతా పాకిన ఇంకో పద్ధతి ప్రకారం స్త్రీ ఇశ్రాయేలు, ఆ దినాలు ఇంకా రాలేదు. అలాగైతే ఐదో వచనంలో బిడ్డ ఆరోహణానికీ ఆరో వచనంలో తల్లి పారిపోవడానికీ మధ్య రెండు వేల ఏళ్ల సందు పెట్టాలి. వచనంలో ఆ సందు లేదు. గోడ మీద చార్టులో ఉంది.

2017 సెప్టెంబర్ 23 గుర్తుందా? కన్యారాశిలో సూర్యుడు, కాళ్ల దగ్గర చంద్రుడు, తల మీద సింహరాశి నక్షత్రాలకు మూడు గ్రహాలు కలిపి పన్నెండు, గర్భంలో నుంచి గురుగ్రహం బయటికి, ఇదే ప్రకటన 12 అని ప్రపంచమంతా ప్రచారం జరిగింది. సూర్యుడు కన్యలో ఉండగా చంద్రుడు ఆ కాళ్ల దగ్గరికి రావడం ఏటా ఉండేదే. పంచాంగం చూసే అయ్యగారిని అడిగినా చెబుతాడు. ఆ శనివారం దాటింది, ఆదివారం యథాప్రకారం ఆరాధన జరిగింది.

ప్రకటన 17లోని రెండో స్త్రీకి, బబులోను అని పేరు పెట్టిన వేశ్యకు, ఈ గందరగోళం ఉండకూడదు. ఎందుకంటే దూత విప్పి చెప్పాడు. ఆమె కూచున్న నీళ్లు జనాలు. ఆమె ఎక్కిన మృగం ఏడు తలలు ఏడు కొండలు. "ఆ స్త్రీ భూరాజులను ఏలే మహా పట్టణం." మొదటి శతాబ్దం చివర చిన్న ఆసియాలో, అంటే నేటి టర్కీలో, ఇది విన్నవాళ్లకు ఏడు కొండల పట్టణం ఏదో వేరే చెప్పాలా? రోము చక్రవర్తి వెస్పాసియాను క్రీ.శ. 71లో వేయించిన ఒక నాణెం మీద రోమా దేవత ఏడు కొండల మీద దర్జాగా ఆనుకుని కూచుని ఉంటుంది. అదే చక్రవర్తి, అదే కాలంలో వేయించిన ఇంకో నాణెం మీద ఖర్జూర చెట్టు కింద కూలబడి ఏడుస్తున్న ఒక ఆడమనిషి. ఆమె పేరు యూదయ. ఒక ఏడాది ముందే, 70లో, యెరూషలేము మందిరాన్ని కాల్చేసిన రోము, తన గెలుపును ఇద్దరు ఆడవాళ్ల బొమ్మలతో చెప్పుకుంది. అంగడికి పోయే ప్రతివాడి చేతిలో ఆ బొమ్మలు ఆడుతున్న లోకంలో యోహాను రాశాడు. దేవతలా కూచున్నదాన్ని వేశ్యగా చూపించాడు. "నేను రాణిని, విధవను కాను" అని ఆమె గొప్పలు పోతుంటే, ఒక్క గడియలో కాలిపోతుందని చెప్పాడు. రాజ్యం అచ్చేసిన బొమ్మకు ఎదురుగా పెట్టిన బొమ్మ అది. ఆ చివరి గొప్ప కూడా యెషయా 47లో పాత బబులోను నోట వచ్చిన మాటే. మందిరాన్ని మొదట కాల్చింది బబులోను, రెండోసారి కాల్చింది రోము. పేరు ఎందుకు అంటించాడో తెలుస్తూనే ఉంది.

ఆమె నేరం పడకగదిది కూడా కాదు. 18వ అధ్యాయంలో ఆమె కోసం ఏడ్చేదెవరో చూడండి: రాజులు, వర్తకులు, ఓడ నాయకులు. ఇక మా సరుకు కొనేవాళ్లు లేరే అని ఏడుస్తారు. బంగారం, ముత్యాలు, పట్టు, దంతం, దాల్చినచెక్క, గోధుమలు, గుర్రాలు అంటూ 28 సరుకుల జాబితా ఉంటుంది. ఆఖరున ఉన్నది మనుషుల శరీరాలూ ప్రాణాలూ, అంటే బానిసలు. అంతకుముందు యెషయా తూరును, నహూము నీనెవెను వేశ్య అన్నారు. ఒకటి వర్తక నగరం, ఇంకొకటి దండెత్తే నగరం. ఆ వేశ్య యెరూషలేమే అని వాదించే పండితులూ కొందరున్నారు, యెషయా మొదటి అధ్యాయాన్ని చూపిస్తూ. నాకు 28 సరుకుల ఓడలు అటు పోతున్నట్టు కనబడవు.

మరి ఈ బొమ్మ ఫాతిమానగర్ కేథలిక్కుల మీదికి ఎలా వచ్చింది? 1522 సెప్టెంబరులో లూథరు జర్మన్ కొత్త నిబంధన అచ్చయినప్పుడు, చిత్రకారుడు క్రానాక్ చెక్కిన బొమ్మలో బబులోను స్త్రీ తల మీద పోపు పెట్టుకునే మూడంతస్తుల కిరీటం ఉంది. గొడవై డిసెంబరు ముద్రణకల్లా దాన్ని మామూలు కిరీటంగా చెక్కేశారు. బొమ్మను సరిచేశారు గానీ ఆ చూపు పోలేదు. 1850లలో స్కాట్లండ్ పాదిరి అలెగ్జాండర్ హిస్లాప్ మరియ భక్తికి మూలం బబులోను రాణి సెమిరామిస్ అని ఒక పెద్ద కథ అల్లాడు. ఆ కథకు చరిత్రలో ఆధారం లేదని పండితులు ఎప్పుడో తేల్చారు. ప్రసంగాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. మా మేనత్త కూడా ఒకసారి ఆ పేరు ఎత్తింది. అమ్మ మాట్లాడకుండా లేచి వంటింట్లోకి పోయింది. ఆ సాయంత్రం చాయ్ కూడా ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకున్నాం.

ఇప్పుడు నగల విషయం. ఆ స్త్రీ ఊదారంగు కట్టుకుని బంగారం, ముత్యాలు పెట్టుకుంది కాబట్టి విశ్వాసురాలు నగలు పెట్టరాదని మన దగ్గర కొన్ని సంఘాల్లో పుస్తెలు, మెట్టెలు కూడా తీయిస్తారు. నగలు వద్దనుకోవడం ఎవరిష్టం వారిది, దానికి వేరే కారణాలు ఉండొచ్చు. కానీ ఈ వచనం మాత్రం దానికి పనికిరాదు. నాలుగు అధ్యాయాలు పోతే గొర్రెపిల్ల, అంటే క్రీస్తు, భార్య వస్తుంది, కొత్త యెరూషలేము. ఆమె ఒళ్లంతా బంగారమే. పన్నెండు గుమ్మాలు పన్నెండు ముత్యాలు. నగలే తప్పయితే పెళ్లికూతురు కూడా తప్పే.

యోహాను ఈ ఇద్దర్నీ కావాలనే జంటగా పెట్టాడు. 17:1లోనూ 21:9లోనూ వచ్చేది ఏడు పాత్రల దూతల్లో ఒకడే, అనేది ఒకటే మాట: రా, చూపిస్తాను. ఒకసారి ఎడారికి తీసుకుపోతాడు, ఇంకోసారి ఎత్తైన కొండకు. పెళ్లికూతుర్ని చూపిస్తానని తీసుకుపోయి చూపించేది పట్టణాన్ని. వేశ్యా పట్టణమే, వధువూ పట్టణమే. మంచి ఆడదీ చెడ్డ ఆడదీ కాదు ఇక్కడ పోటీ. మనుషుల్ని అమ్ముకునే ఊరికీ, కన్నీళ్లు తుడిచే ఊరికీ.

ఒక్కచోట మాత్రం నా సూత్రం పూర్తిగా పనిచేయదని ఒప్పుకోవాలి. ప్రకటన 2లో తుయతైర సంఘంలోని యెజెబెలు ఊరు కాదు, మనిషే. ఆ సంఘంలో ప్రవక్త్రినని చెప్పుకుంటూ విగ్రహాలకు పెట్టినవి తినవచ్చని బోధించిన ఒక స్త్రీకి పాత రాణి పేరు తగిలించారు. తప్పు ఆమె బోధలో ఉందన్నారు. మన దగ్గర "యెజెబెలు ఆత్మ" అనే మాట ఎవరిమీద పడుతుందో చూడండి. మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి బైబిలు క్లాసులో లేచి, "లోకమంతా పాపం చేస్తే బొమ్మ ఎప్పుడూ ఆడదే ఎందుకు సార్?" అని అడిగిందట. జవాబుగా ఆ ఆత్మ పేరే వచ్చింది. ఏడ్చుకుంటూ నా దగ్గరికొచ్చింది. నేను చేసిందల్లా యెహెజ్కేలు ముందు కూచున్న మగపెద్దల సంగతి చదివించడం. ఘటసర్పం ఆడది కాదని, రెండు క్రూరమృగాలూ ఆడవి కావని ఆ పిల్ల తనంతట తానే లెక్కపెట్టుకుని పోయింది.

అమ్మమ్మకు చదువు రాదు. వంద ఆగస్టు 15ల వాదనలు విన్నట్టు ఉండేది ఆమె ముఖం. ఒకసారి అత్తా అమ్మా గట్టిగానే అనుకుంటుంటే, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ అడిగింది: "అన్నీ జెప్తున్నరు గని, గా బాలింత ఎడారికి పాయె గదా. ఆడ గామెకు అన్నం బెట్టిందెవరు?"

ఇద్దరూ ఆగారు. అత్త తన బైబిలు తెరిచింది. ఆరో వచనంలో "వారు" పోషిస్తారని మాత్రం ఉంది. ఆ వారెవరో లేదు. పదహారో వచనంలో సర్పం నోటి వరదను భూమి మింగి ఆ స్త్రీకి సాయం చేసిందని ఉంది. అత్త రెండూ పైకి చదివింది. అమ్మ కేథలిక్కు బైబిలు తెచ్చి పక్కన పెట్టుకుని అదే వచనం వెతికింది. దాంట్లోనూ పేరు లేదు.

"భూమి సాయం జేసిందా," అంది అమ్మమ్మ, "మంచిగైంది," అని మళ్లీ చిక్కుళ్లలో పడింది.